ఇంటి నీటి గొట్టాలు: మార్చడమా, లోపల పూత పూయడమా?

గుజరాత్‌లోని సూరత్ నగరం తాపీ నది ఒడ్డున వెలసింది. ఎగువన 1972లో పూర్తయిన ఉకాయీ ఆనకట్ట దాని జలాధారం. వస్త్ర పరిశ్రమ, వజ్రాల సాన పరిశ్రమ దేశం నలుమూలల నుండి శ్రామికులను ఇక్కడకు రప్పించాయి. తెలంగాణ నుండి వచ్చిన పద్మశాలి కుటుంబాలు, ఒడియా, మరాఠీ, హిందీ భాషీయులు ఇరుగుపొరుగున నివసిస్తున్నారు. పలు అంతస్తుల భవనాలలో ఒకే నిలువు గొట్టం అందరికీ నీరందిస్తుంది. అది కారనారంభిస్తే సమస్య ఏ ఒక్క ఇంటిదీ కాదు.

పాత ఇళ్ళలో సాధారణంగా కనిపించేవి జింకు పూత గల ఇనుప గొట్టాలు. కాలక్రమాన పూత కరగిపోయి ఇనుము తుప్పు పడుతుంది. మరలు చెక్కిన అతుకుల వద్ద గోడ పలుచన కనుక ముందుగా అక్కడే రంధ్రాలు పడతాయి. సెకనుకు ఒక్క చుక్క కారినా రోజుకు 86,400 చుక్కలు, అనగా సుమారు నాలుగు లీటర్ల నీరు వృథా అవుతుంది. అంతకు మించిన ప్రమాదం మరొకటి ఉంది. నీరు గంటల లెక్కన వదిలేచోట, సరఫరా ఆగినప్పుడు ఖాళీ అయిన గొట్టం పరిసరాల మురుగును ఆ రంధ్రం ద్వారానే లోనికి పీల్చుకొంటుంది. కామెర్లు, టైఫాయిడ్ వంటి వ్యాధులకు ఇదొక మార్గం.

నివారణోపాయాలు రెండు. మొదటిది పూత. గొట్టం లోపలి తుప్పును ఇసుకతో కూడిన గాలితో రాపిడి చేసి తొలగించి, వేడి గాలితో ఆరబెట్టి, ఎపాక్సీ ద్రవాన్ని లోపల పట్టిస్తారు. గోడలు పగలగొట్టే పని తక్కువ. కాని పూత గొట్టానికి బలమివ్వదు; సన్నని రంధ్రాలను మాత్రమే మూయగలదు. పైగా ప్రత్యేక పరికరాలు, నిపుణులు కావాలి. తాగునీటికి అనువైనదని ధ్రువీకరించిన పదార్థాన్నే వాడాలి. అది పూర్తిగా గట్టిపడిన పిమ్మటనే నీరు వదలాలి.

రెండవది గొట్టాలను మార్చడం. ఇండియన్ స్టాండర్డ్ 15778 ప్రకారం తయారైన సి.పి.వి.సి. గొట్టాలు తుప్పు పట్టవు, వేడి నీటికీ పనికివస్తాయి. అయితే ఒక జాగ్రత్త అవసరం. కొన్ని పాత ఇళ్ళలో విద్యుత్ ఎర్తింగుకు ఇనుప గొట్టమే ఆధారం. దాని స్థానే ప్లాస్టిక్ అమర్చితే ఆ రక్షణ పోతుంది. కనుక ముందుగా వేరే ఎర్తింగు ఏర్పరచుకోవాలి.

నిర్ణయానికి ముందు పరీక్ష అవసరం. కుళాయిలన్నీ కట్టివేసి, మేడపై తొట్టిలోకి నీరు రాకుండా ఆపి, రాత్రి మట్టం గుర్తు పెట్టి ఉదయం చూడాలి. మట్టం తగ్గితే ఎక్కడో లీకు ఉన్నట్లే. తరువాత ఒక చిన్న ముక్క కోసి చూడాలి. గోడ దళసరిగా ఉండి, లోపల తుప్పు మాత్రమే పేరుకొని, గొట్టాలు పగలగొట్టలేని చోట ఉంటే పూత తగినది. గోడ పలుచబడి, పలుచోట్ల కారుతూ ఉంటే మార్పే శ్రేయస్కరం. చిన్న ఇంటికి సాధారణంగా మార్పే సులభం. గోడ బయటి నుండి కొత్త గొట్టం వేస్తే పగలగొట్టే ఖర్చూ తగ్గుతుంది.

1994 నాటి ప్లేగు అనంతరం, 1995లో కమిషనరైన ఎస్.ఆర్.రావు నాయకత్వాన సూరత్ పారిశుద్ధ్యంలో దేశానికి ఆదర్శమైంది. వీధిని నగరపాలక సంస్థ చక్కదిద్దగలదు. గోడలోని గొట్టం బాధ్యత మాత్రం నివాసులదే. ఉమ్మడి గొట్టం విషయంలో మేడవాసులు ఏ భాషవారైనా కలసి కూర్చొని, ఖర్చు పంచుకొని, ఒకేసారి పని చేయించుకోవడమే మేలు.