గుర్రుమను కుక్క

పెంపుడుకుక్క పసిబిడ్డను జూచి గుర్రుమన్నచో మనము కఱ్ఱ నందుకొందుము. జంతువుల నడవడిని దిద్దు నిపుణులు దీనిని వలదందురు. బెత్తముతో బ్రదికిన నావంటి బడిపంతులకు ఇది సులభముగా రుచింపదు.

గుర్రుమనుట దగ్గఱకు రావలదను హెచ్చరిక. కొట్టినచో హెచ్చరిక యణగును గాని భయ మణగదు. పిదప కుక్క చప్పుడు చేయకయే కఱచును.

కావున వారు మొదట బిడ్డను వేఱుగా నుంచి, పశువైద్యునిచే కుక్క చెవులను, పండ్లను, కీళ్లను బరీక్షింపజేయుదురు. నొప్పియే మూలము కావచ్చును. పిల్లియు నట్లే: మాటిమాటికి ముక్కుచు మూలమూలల మూత్రమునకు గూర్చున్నచో పొగరందుము, మగపిల్లికి మూత్రనాళము పూడినచో రెండుమూడు దినములలో ప్రాణమే పోవచ్చును.

రోగము లేనిచో కుక్కను గొలుసున గట్టి, అది కలతపడనంత దూరమున బిడ్డను జూపి మాంసపుతునుక నిత్తురు. అన్నము తెచ్చువాని యడుగుల సవ్వడికే కుక్కల నోరూరుట గమనించిన రష్యా శాస్త్రజ్ఞుడు, 1904లో నోబెల్ బహుమతి నందిన పావ్లోవు కనుగొన్న ధర్మమే దీనికి మూలము. దూరమును దినదినము కొంచెముగా తగ్గింతురు. మరల గుర్రుమన్ననాడు బిడ్డను వెనుకకు గొనిపోవుదురు.