డాబా మీది ప్లాస్టిక్ గడ్డికి కంపు ఎందుకు?

ఉప్పుగూడ, ఛత్రినాక, లాల్‌దర్వాజా లాంటి పాతబస్తీ పేటల్లో ఇళ్ళు గోడకు గోడ ఆనుకుని ఉంటాయి. పెరడున్న ఇల్లు అరుదు. కుక్కను పెంచుకుంటే చాలామందికి డాబాయే దిక్కు. అక్కడ ఆర్టిఫిషియల్ గ్రాస్ పరిస్తే చూపుకు పచ్చగా, కుక్క కాళ్ళకు మెత్తగా ఉంటుంది. కొన్నాళ్ళు పోయాక, అందునా ఎండాకాలంలో, తలుపు తీస్తే చాలు ముక్కు మండిపోతుంది. ఫినాయిల్ పోస్తే వాసన తగ్గినట్టే తగ్గి మళ్ళీ వస్తుంది.

కుక్క మూత్రంలో యూరియా ఉంటుంది. అప్పటికప్పుడు దానికి ఘాటు తక్కువే. దుమ్ములోనూ గడ్డిపోచల మీదా ఉండే బ్యాక్టీరియా యూరియేజ్ అనే ఎంజైముతో యూరియాను విడగొట్టి అమ్మోనియా పుట్టిస్తుంది. ముక్కును మండించేది అదే. నేలమీది గడ్డిలోనూ ఇదే జరుగుతుంది గానీ, అక్కడ మట్టి అమ్మోనియాను పట్టి ఉంచుతుంది. మట్టిలోని మరికొన్ని సూక్ష్మజీవులు దాన్ని నైట్రేటుగా మారిస్తే వేర్లు ఎరువుగా పీల్చుకుంటాయి. ప్లాస్టిక్ గడ్డి కింద ఈ పని చేసిపెట్టేవాళ్ళు లేరు. మూత్రం అడుగు పొర బెజ్జాల్లోంచి దిగి గచ్చుమీదే ఎండిపోతుంది.

ప్లాస్టిక్ గడ్డి అసలు ఆటల కోసం పుట్టిన సరుకు. అమెరికాలోని హ్యూస్టన్‌లో, ఆస్ట్రోడోమ్ అనే కప్పున్న స్టేడియంలో మామూలు గడ్డి బతకకపోవడంతో 1966లో దీన్ని పరిచారు. అలా కప్పు కింద పరిచిన ఈ ప్లాస్టిక్ మన డాబా మీద మే నెల ఎండకు 60 డిగ్రీలు కూడా దాటగలదు. వేడి పెరిగేకొద్దీ అమ్మోనియా మరింత వేగంగా గాలిలో కలుస్తుంది.

కాబట్టి విరుగుడు అడుగునుంచి మొదలవ్వాలి. పరిచే ముందు గచ్చు వాటం మోరీ వైపు ఉందో లేదో నీళ్ళు పోసి చూడండి. గడ్డిని జిగురుతో అతికించకండి. చుట్టి ఎత్తి అడుగు కడిగే వీలుండాలి. కింద స్పాంజి పొర వద్దు, అది మూత్రాన్ని పీల్చుకుంటుంది. కుక్క పోసిన వెంటనే, ఆరకముందే, నీళ్ళు కుమ్మరించాలి. నల్లా రోజు విడిచి రోజు వచ్చే ఇంట్లో ఆర్‌ఓ మిషన్ వదిలే నీళ్ళు ఇందుకు చక్కగా సరిపోతాయి.

పాత వాసనకు ఒక పాలు తెల్ల వెనిగర్‌కు రెండు మూడు పాళ్ళ నీళ్ళు కలిపి పోసి, పావుగంట ఆగి కడగండి. వెనిగర్ ఆమ్లం, అమ్మోనియా క్షారం. రెండూ కలిస్తే ఘాటు లేని లవణం అవుతుంది. వంటసోడా కూడా క్షారమే కనుక అమ్మోనియాను అణచలేదు. పెట్ షాపుల్లో దొరికే ఎంజైమ్ క్లీనర్‌ను సాయంత్రం చల్లండి, తడి ఎక్కువసేపు నిలిస్తేనే అది పనిచేస్తుంది. దానితోపాటు ఫినాయిల్ వాడితే ఆ పని చెడుతుంది. బ్లీచింగ్ పౌడర్ మాత్రం దగ్గరికి రానివ్వకండి. అమ్మోనియాతో కలిస్తే క్లోరమిన్, వెనిగర్‌తో కలిస్తే క్లోరిన్ పుడతాయి. రెండూ ఊపిరితిత్తులకు హాని చేసే వాయువులే.

పోచల మధ్య ఇసుకకు బదులు జియోలైట్ గుళికలు చల్లడం మరో దారి. భీమవరం వైపు రొయ్యల రైతులు చెరువుల్లో అమ్మోనియా తగ్గడానికి చల్లేది ఈ ఖనిజాన్నే. కొంతకాలానికి అది అమ్మోనియాతో నిండిపోతుంది. అప్పుడు ఉప్పునీళ్ళు పోస్తే ఉప్పులోని సోడియం దానిలో చేరి, పట్టుకున్న అమ్మోనియాను బయటికి నెడుతుంది. తర్వాత మంచినీళ్ళతో బాగా కడిగితే మళ్ళీ పనికొస్తుంది.

ఇంత చాకిరీ కుదరనివాళ్ళు డాబా మూల వెడల్పాటి ట్రేలో మట్టి పోసి గరిక నాటి, కుక్కకు అక్కడే అలవాటు చేయవచ్చు. ట్రే అడుగున బెజ్జాలుండాలి, మట్టిని అప్పుడప్పుడూ మార్చాలి. మిగతా పని చాలావరకు మట్టే చూసుకుంటుంది.