ఇంటికి వెళ్ళడమే విదేశ ప్రయాణం: గూర్ఖా సైనికుని పదవీ విరమణ

తెలుగునాట 'గూర్ఖా' అనే మాటకు కాపలాదారు అనే అర్థం స్థిరపడిపోయినది. అర్ధరాత్రి వేళ ఈల ఊదుతూ, కర్రతో నేలను తాటిస్తూ వీధి వెంట సాగిపోయే మనిషి ఏ ప్రాంతం వాడైనా మన వాడుకలో గూర్ఖాయే. నెల మొదటి వారంలో అతడు గుమ్మం ముందు నిలిచినప్పుడు నాలుగు డబ్బులు ఇచ్చి పంపడమే తప్ప, ఆ పేరు ఎక్కడిదని ఆలోచించేవారు తక్కువ. గోర్ఖా అనేది నేపాల్ మధ్యభాగంలోని ఒక కొండ ఊరు. నేడు ఒక జిల్లా పేరు కూడా అదే. 18వ శతాబ్దంలో ఆ చిన్న రాజ్యాన్ని ఏలిన పృథ్వీనారాయణ షా చుట్టుపక్కల రాజ్యాలను జయించి నేటి నేపాల్‌కు పునాది వేసినాడు. ఆయన సైనికులకు ఆ ఊరి పేరే స్థిరపడినది.

భారత సైన్యంలో ఆ పేరు ధరించిన పటాలాలు నేటికీ ఏడు ఉన్నవి. వాటిలో చేరిన నేపాలీ యువకుడు తన యౌవనమంతా మన దేశపు సరిహద్దులలో, కంటోన్మెంట్లలో గడుపుతాడు. పదవీ విరమణ చేసిన రోజున అతడు, అతని కుటుంబం మరొక దేశానికి తరలిపోవలసి ఉంటుంది. ఆ మరొక దేశమే అతని స్వదేశం. ఈ తరలింపు బయటికి కనిపించినంత సులభమైనది కాదు.

ముందుగా ఒక భేదం గమనించవలెను. గూర్ఖా పటాలాలలో అందరూ నేపాల్ పౌరులు కారు. డార్జిలింగ్, సిక్కిం, డెహ్రాడూన్, ధర్మశాల ప్రాంతాలలో తరతరాలుగా నివసిస్తున్న భారతీయ గూర్ఖాలు లక్షల సంఖ్యలో ఉన్నారు. వారు మనవలెనే ఈ దేశ పౌరులు. వారి మాతృభాష నేపాలీ 1992లో రాజ్యాంగపు ఎనిమిదవ షెడ్యూలులో చేరినది. పరాయి దేశస్థులా అని ఎవరైనా అడిగితే వారి మనసు నొచ్చుకోవడంలో ఆశ్చర్యం లేదు. పటాలాలలో నేపాల్ నుండి వచ్చినవారు, భారతీయ గూర్ఖాలు సుమారు 60కి 40 పాళ్ళలో ఉండడం చాలాకాలం పరిపాటిగా సాగినది. ఇక్కడ చెప్పబోయేది ఆ మొదటి వర్గం గురించి.

1814–16 నాటి ఆంగ్ల–నేపాల్ యుద్ధంలో తమను ఎదిరించి నిలిచిన కొండ సైనికుల పోరాట పటిమను చూసి, యుద్ధం ముగియక ముందే, 1815లో, ఈస్టిండియా కంపెనీ వారిని తన కొలువులో చేర్చుకొన్నది. 1947 నాటికి గూర్ఖా పటాలాలు పది అయినవి. ఆ ఏడాది నవంబరు 9న ఖాట్మండులో భారత్, బ్రిటన్, నేపాల్ ప్రభుత్వాల మధ్య కుదిరిన త్రైపాక్షిక ఒప్పందం ప్రకారం ఆరు పటాలాలు భారత సైన్యంలో నిలిచినవి, నాలుగు బ్రిటన్‌కు వెళ్ళినవి. బ్రిటన్‌కు వెళ్ళ నిరాకరించిన వారిని కూడా కలుపుకొని 1948 జనవరి 1న భారత్ పదకొండవ గోర్ఖా రైఫిల్స్‌ను ఏర్పాటు చేసినది. ఒప్పందానికి అంగీకరిస్తూ నాటి నేపాల్ ప్రధాని పద్మ షంషేర్ ఒక షరతు పెట్టినాడు: గూర్ఖా సైనికుని డబ్బు కొరకు పోరాడే కిరాయి సిపాయిగా ఎవరూ చూడరాదు. మూల వేతనం భారత సైన్యపు స్కేళ్ళకు ముడిపడినది కూడా ఈ ఒప్పందంతోనే. నేటి పింఛను ఏర్పాట్ల వెనుక ఉన్న న్యాయసూత్రం అదే: కొలువు ఏ దేశానిదో, వార్ధక్యపు బాధ్యత కూడా ఆ దేశానిదే.

నేపాల్ కొండలలో సైన్యంలో చేరినవానిని 'లాహురే' అంటారు. రంజిత్ సింగ్ కొలువులో చేరడానికి లాహోరు వెళ్ళినవారి నుండి వచ్చిన మాట ఇది. లాహోరు నేడు వేరొక దేశంలో ఉన్నది. మాట మాత్రం మిగిలినది. అలాగే దక్షిణాన ఉన్న మైదాన ప్రాంతమంతా పాత నేపాలీలో 'ముగలాన్', అనగా మొగలుల నేల. హిందీ మూలాలతో పని చేసేవారికి ఇటువంటి మాటలు తగిలినప్పుడు నిఘంటువు పక్కన చరిత్ర పుస్తకం కూడా పెట్టుకోక తప్పదు.

పద్ధతి సుబోధకం కావడానికి లమ్‌జుంగ్ జిల్లాకు చెందిన ఒక హవల్దారు కుటుంబాన్ని ఊహించుకొందాం. పద్దెనిమిది, పంతొమ్మిదేళ్ళ వయసులో గోరఖ్‌పూర్‌లోని గూర్ఖా భర్తీ కేంద్రం ద్వారా చేరి, ఇరవై నాలుగు సంవత్సరాల సేవ పూర్తి చేసినాడు. వయసు నలభై రెండు, నలభై మూడు. ఇతర ఉద్యోగాలలో అది మధ్య వయసు. ఇతనికి అది వీడ్కోలు సమయం. భార్య పదిహేనేళ్ళుగా ఒక కంటోన్మెంటు నుండి మరొక కంటోన్మెంటుకు మారుతూ కాపురం చేసినది. పిల్లలిద్దరూ సైనిక ఆసుపత్రులలో పుట్టి, కేంద్రీయ విద్యాలయాలలో చదువుతున్నారు.

విరమణకు ముందు పత్రాలన్నీ పటాలపు శిక్షణ కేంద్రంలోని రికార్డు ఆఫీసులో పరిశీలనకు వస్తవి. ఆ కేంద్రాలు సబాథు, వారణాసి, షిల్లాంగ్, లక్నోలలో ఉన్నవి. ఒకటవ, నాలుగవ పటాలాల ఉమ్మడి కేంద్రానికి 14 అని, మూడు, తొమ్మిది కలిసినదానికి 39 అని, ఐదు, ఎనిమిది కలిసినదానికి 58 అని సంఖ్యలు పెట్టినారు. ఇందులో లెక్కల చమత్కారం తప్ప రహస్యమేమీ లేదు.

కష్టం అంతా పేర్ల దగ్గర, తేదీల దగ్గర వస్తుంది. నేపాల్‌లో అధికారిక పంచాంగం విక్రమ సంవత్సరానిది; ఏప్రిల్ మధ్యలో వైశాఖంతో మొదలవుతుంది. వైశాఖం నుండి డిసెంబరు చివరి వరకు 57 తీసివేస్తే క్రీస్తు శకం వస్తుంది. జనవరి నుండి చైత్రం ముగిసే వరకు 56 తీసివేయాలి. 2040 వైశాఖంలో పుట్టినవాడు 1983వాడు, అదే 2040 మాఘంలో పుట్టినవాడు 1984వాడు. ఈ తేడా తెలియని గుమాస్తా ఒక్క తీసివేతలో మనిషి వయసును ఒక ఏడాది మార్చివేయగలడు. ఇక భార్య పేరు. కొండ ఊళ్ళలో పుట్టిన వరుసను బట్టి పెద్దమ్మాయిని జేఠీ అని, రెండవ అమ్మాయిని మాయిలీ అని, చిన్నదానిని కాంఛీ అని పిలుస్తారు. అసలు పేరు పౌరసత్వ పత్రంలో ఒక విధంగా, పెళ్ళినాడు పటాలం దస్తావేజులో మరొక విధంగా నమోదైతే, భర్త బ్రతికి ఉన్నంతవరకు ఎవరికీ పట్టదు. ఆయన పోయిన పిమ్మట కుటుంబ పింఛను కొరకు ఆమె కొండ దిగి వచ్చినప్పుడు, తాను తానేనని రుజువు చేసుకోవలసి వస్తుంది. అందువలన అనుభవజ్ఞులైన సుబేదార్లు విరమణ చేయబోయేవారికి చెప్పే మొదటి మాట: డబ్బు లెక్క తరువాత చూసుకో, భార్యాపిల్లల పేర్లు అక్షరం అక్షరం సరిచూసుకో.

పిల్లల విషయం మరింత జాగ్రత్త కోరుతుంది. 1987 జులై 1 తరువాత భారతదేశంలో పుట్టినంత మాత్రాన భారత పౌరసత్వం లభించదు. తల్లిదండ్రుల పౌరసత్వం కూడా చూస్తారు. కనుక తల్లి, తండ్రి ఇద్దరూ నేపాల్ పౌరులైతే పూనాలో పుట్టిన బిడ్డ కూడా నేపాల్ బిడ్డే. పదహారేళ్ళు నిండిన తరువాత జిల్లా ప్రశాసన కార్యాలయంలో 'నాగరికత' అనే పౌరసత్వ పత్రం తీసుకోవాలి. దానికి తండ్రి పత్రం, జనన నమోదు, స్థానిక వార్డు సిఫారసు కావాలి. తాను ఎన్నడూ నివసించని ఊరు తనను తన బిడ్డగా గుర్తించాలన్నమాట.

బడిలో మరొక పరీక్ష ఎదురవుతుంది. నేపాల్ విద్యా సంవత్సరం కూడా ఏప్రిల్‌లోనే మొదలవుతుంది కనుక కాలం కలిసివస్తుంది, భాష కలిసిరాదు. లిపి దేవనాగరి అయినందున చదవడం కష్టం కాదు, చదివినది నేపాలీగా పలకడం కష్టం. ఇంట్లో తల్లి నేపాలీలో పిలిస్తే హిందీలో బదులిచ్చే అలవాటు పిల్లలది. హిందీలో నిన్న, రేపు రెండింటికీ 'కల్' ఒక్కటే. నేపాలీలో నిన్నకు 'హిజో', రేపటికి 'భోలి' వేరు వేరు మాటలు. ఈ విషయంలో తెలుగు పిల్లవానికి నేపాలీ హిందీ కంటె సహజంగా తోచవచ్చు. ఎదుటివారిని పిలవడంలో తఁ, తిమీ, తపాయీఁ అని మూడు మెట్లు ఉన్నవి. తాతగారి దగ్గర మెట్టు తప్పితే ఊరంతా నవ్వుతుంది. పదవ తరగతి చివరి పరీక్షలో నేపాలీ తప్పనిసరి. ఖాట్మండులో ఒక కేంద్రీయ విద్యాలయం ఉన్న మాట నిజమే, కాని లమ్‌జుంగ్ పిల్లలకు అది చాలా దూరం. ఎనిమిదవ తరగతి దాటిన పిల్లలున్న కుటుంబాలు తండ్రి ఒక్కడే ముందు వెళ్ళి, పిల్లల చదువు ముగిసేవరకు తల్లిని భారతదేశంలోనే ఉంచే మార్గం ఎంచుకోవడానికి కారణం ఇదే.

ఆ విధంగా ఉండిపోవడానికి చట్టం అడ్డురాదు. 1950 జులై 31న కుదిరిన శాంతి, మైత్రీ ఒప్పందంలోని ఏడవ అధికరణం ఉభయ దేశాల పౌరులకు రెండవ దేశంలో నివాసం, ఆస్తి, వ్యాపారం, సంచారం విషయాలలో పరస్పర సమానత్వం కల్పించినది. సునౌలీ వద్దగాని, రక్సౌల్ వద్దగాని సరిహద్దు దాటడానికి వీసా అక్కరలేదు. సామానుకు మాత్రం సుంకం అధికారి ఉన్నాడు. వాడుకొన్న పాత్రలు, పరుపులు, పెట్టెలు సాగిపోతవి; మోటారు వాహనాలపై నేపాల్‌లో దిగుమతి సుంకం అధికం కనుక, పొదుపు చేసి కొన్న మోటారు సైకిలును ఆఖరి కంటోన్మెంటులోనే అమ్మివేస్తారు.

ఇక ఎక్కడ స్థిరపడాలి? పూర్వం లాహురే తిన్నగా తన కొండ ఊరికే చేరేవాడు. 1950, 60 దశకాలలో మలేరియా నిర్మూలన జరిగి చిత్వన్, తరాయి నేలలు నివాసయోగ్యమైన తరువాత, పింఛనుదారులు పల్లానికి దిగసాగినారు. నేడు పోఖరా, బుట్వల్, ధరాన్ పట్టణాలలో మాజీ సైనికుల ఇళ్ళు వీధులకు వీధులే కనిపిస్తవి. అక్కడ బడి, ఆసుపత్రి, బ్యాంకు దగ్గర. ఊరిలోని మెట్ట సేద్యం మాత్రం ముసలివారి పాలైనది, కొన్ని చోట్ల బీడుపడినది. దీనిని తప్పుపట్టడం పట్టణంలో కూర్చున్నవారికి తేలిక. మోకాళ్ళ నొప్పులతో రోజంతా కొండ ఎక్కవలసిన మనిషికి ఆ తప్పు కనబడదు.

పింఛను చెల్లింపునకు భారత ప్రభుత్వం ఖాట్మండు, పోఖరా, ధరాన్‌లలో మూడు కార్యాలయాలు నడుపుతున్నది. వీటితోపాటు 22 జిల్లా సైనిక బోర్డులు రాయబార కార్యాలయపు రక్షణ విభాగం కింద పని చేస్తున్నవి. పింఛనుదారుల సంఖ్య లక్షకు పైగా ఉన్నది. పింఛను పత్రాన్ని నేపాలీలో 'పట్టా' అంటారు. మనకు పట్టా అంటే భూమి హక్కు. వారికి అదే భూమి వంటిది. 1993 నుండి 100 భారత రూపాయలకు 160 నేపాలీ రూపాయల మారకం స్థిరంగా ఉన్నందున ఆదాయంలో ఒడుదొడుకులు తక్కువ. కాని కరవు భత్యం భారతదేశపు ధరల సూచికను బట్టి పెరుగుతుంది. వంటగ్యాసు, ఉప్పు కొండపైకి మోసుకువచ్చిన కూలి ఆ సూచికలో ఉండదు. 2003లో ప్రారంభమైన మాజీ సైనికుల వైద్య పథకం తొలుత వీరికి వర్తించలేదు. తరువాత దానిని నేపాల్ గూర్ఖా పింఛనుదారులకు కూడా విస్తరించినారు. పునరావాస శిక్షణ విషయంలో మాత్రం లోపం ఉన్నదనిపిస్తుంది. విరమణకు ముందు ఇచ్చే కోర్సులు ప్రధానంగా భారతీయ ఉద్యోగ విపణిని దృష్టిలో ఉంచుకొన్నవి. తేనెటీగల పెంపకమో, యాలకుల సాగో, పర్యాటకుల బసయో నేర్పితే కొండ మనిషికి ఎక్కువ అక్కరకు వస్తుంది. అది లేనందువలననే నలభై ఐదేళ్ళ మాజీ హవల్దారు మళ్ళీ ముగలాన్ బాట పట్టి, మన నగరాలలో ఏదో భవనం గేటు వద్ద నీలిరంగు దుస్తులలో నిలబడుతున్నాడు. తెలుగు మాటకు అర్థం మారడంలో ఈ సంగతికీ పాలున్నది.

2020లో కోవిడ్ కారణంగా నేపాల్‌లో భర్తీ ఆగినది. 2022 జూన్‌లో భారత ప్రభుత్వం అగ్నిపథ్ పథకాన్ని ప్రవేశపెట్టినది: నాలుగేళ్ళ సేవ, నాలుగవ వంతు మందికే కొనసాగింపు, మిగిలినవారికి పింఛను లేదు. ఇది 1947 ఒప్పందపు స్ఫూర్తికి సరిపడదని, రాజకీయ పక్షాలతో చర్చించాలని నేపాల్ ప్రభుత్వం 2022 ఆగస్టులో భర్తీని వాయిదా వేయమని కోరినది. ఇరవై రెండేళ్ళకే ఆయుధ శిక్షణతో తిరిగివచ్చే యువకులకు పని ఎక్కడ చూపాలన్న చింత ఒకవైపు, రెండు శతాబ్దాల బంధం సడలుతుందన్న బాధ మరొకవైపు అక్కడి చర్చలో వినిపించినవి. కొండ ఊళ్ళలో పరుగు పందెం అభ్యాసం చేస్తూ గోరఖ్‌పూర్ పిలుపు కొరకు ఎదురు చూసిన కుర్రవాళ్ళకు వయోపరిమితి దాటిపోయినది.

అయినా పింఛను కార్యాలయాలకు పని తగ్గదు. 2019లో చేరిన సిపాయికి పింఛనుకు కావలసిన పదిహేనేళ్ళ కనీస సేవ 2034లోగాని పూర్తి కాదు. ఆయన పింఛను ఆ తరువాత మూడు, నాలుగు దశాబ్దాలు నడుస్తుంది. ఆయన అనంతరం భార్య జీవన ధ్రువపత్రం పట్టుకొని ఏటా పోఖరాకో ధరాన్‌కో వస్తూనే ఉంటుంది.