గొట్టం వెనక్కి వచ్చే ఆరు నిమిషాలు

పెద్దపేగు క్యాన్సర్ రాత్రికి రాత్రి పుట్టే వ్యాధి కాదు. పేగు లోపలి పొరపై మొదట చిన్న బుడిపె లేస్తుంది. దీనిని వైద్యులు పాలిప్ అంటారు. వీటిలో అడినోమా అనే రకం క్యాన్సర్‌గా మారగలదు గాని, అందుకు సాధారణంగా పదేళ్లో, అంతకు మించిన కాలమో పడుతుంది. ఏది మారుతుందో ముందుగా చెప్పలేము గనుక కనబడిన అడినోమానల్లా తీసివేయడమే మార్గం. 1969లో న్యూయార్క్‌లో విలియం వుల్ఫ్, హిరోమి షిన్యా అనే వైద్యులు కొలొనోస్కోపు గుండా తీగ ఉచ్చును పంపి, పొట్ట కోయకుండానే పాలిప్‌ను తొలగించారు. రోగాన్ని కనిపెట్టే పరీక్ష ఆనాటి నుంచి రోగాన్ని నివారించే సాధనం కూడా అయింది.

అయితే పరీక్ష జరిగినంత మాత్రాన ఉన్న బుడిపెలన్నీ కనబడతాయని కాదు. పేగు మడతలు మడతలుగా ఉంటుంది. మడత వెనుక దాగినవి, పొరకు అతుక్కొని చదునుగా ఉన్నవి సులభంగా చూపును తప్పించుకుంటాయి. కెమెరా గల గొట్టాన్ని మలద్వారం గుండా పెద్దపేగు మొదటి భాగం దాకా పంపుతారు. అసలైన పరిశీలన దానిని వెనక్కి తీస్తున్నప్పుడు జరుగుతుంది. అమెరికాలోని రాక్‌ఫర్డ్ పట్టణంలో అనుభవజ్ఞులైన 12 మంది వైద్యుల పనిని పోల్చిన అధ్యయనం 2006లో వెలువడింది. గొట్టం వెనక్కి తీయడానికి సగటున 6 నిమిషాలు, ఆపైన తీసుకున్న వైద్యులు 28.3 శాతం మందిలో ఇటువంటి పెరుగుదలలను గుర్తించారు, త్వరపడినవారు 11.8 శాతం మందిలోనే. బుడిపెలు తీయడానికి పట్టిన సమయాన్ని ఈ సగటులో కలపలేదు. తేడా అంతా చూడటానికి వెచ్చించిన సమయంలోనే ఉంది.

ఆ తర్వాత మెలకువలు పెరిగాయి. పేగు కుడి భాగాన్ని రెండోసారి చూడటం, రోగిని పక్కకు తిప్పి మడతలు విచ్చుకొనేలా చేయడం, గొట్టం కొనకు పారదర్శకమైన టోపీ తొడగడం, నీలిరంగు ద్రవం చల్లి చదునైన బుడిపెల అంచులు తేలేటట్లు చేయడం వాటిలో కొన్ని. ఇప్పుడు కృత్రిమ మేధ కూడా వచ్చింది. అనుమానాస్పదమైన చోటును తెరపై చిన్న గడి గీసి చూపుతుంది. మేలైన సాయమే. కాని 2025లో పోలెండ్ నుంచి వచ్చిన అధ్యయనం ఒకటి ఆలోచింపజేస్తుంది. ఈ సాయం వాడుకలోకి వచ్చిన తర్వాత, అది లేకుండా చేసిన పరీక్షల్లో అడినోమాల గుర్తింపు 28.4 శాతం నుంచి 22.4 శాతానికి తగ్గింది. ప్రతి ఆయతునూ పక్కనుంచి అందించేవాడుంటే హాఫిజ్ జ్ఞాపకం మొద్దుబారడం మేము తరగతిలో చూస్తూనే ఉంటాము.

వైద్యుడు ఎంత ఓపికగా చూచినా పేగు శుభ్రంగా లేకపోతే ప్రయోజనం లేదు. విరేచన మందులో సగం ముందురోజు సాయంత్రం, మిగిలిన సగం పరీక్షనాటి ఉదయం తాగే పద్ధతి మంచిదని తేలింది. రుచి బాగాలేదని సగంలో ఆపితే అడుగున మిగిలిన మలినం కింద చదునైన బుడిపె కప్పబడిపోతుంది. ఎక్కువగా నీరు తాగవలసి ఉంటుంది గనుక రోజాతో ఇది పొసగదు. లక్షణాలేవీ లేనివారు రమజాన్‌కు ముందో తర్వాతో తేదీ తీసుకోవచ్చు. రక్తం పడుతున్నవారు మాత్రం ఆగరాదు. మధుమేహానికి, రక్తం పలుచబడటానికి మందులు వాడేవారు ఆ సంగతి ముందే చెప్పాలి.

మన ఇళ్లలో అంతకన్నా పెద్ద అడ్డంకి సిగ్గు. మలంలో రక్తం కనబడితే మొలలేనని సరిపెట్టుకొని, ఏళ్ల తరబడి కన్నకూతురికి కూడా చెప్పని తల్లులు ఉన్నారు. మహిళా వైద్యురాలు కావాలని అడగడంలో తప్పులేదు. ఆమె దొరకలేదని పరీక్షనే మానుకోవడం తప్పు. తల్లిదండ్రుల్లో గాని తోబుట్టువుల్లో గాని ఎవరికైనా ఈ క్యాన్సర్ వచ్చి ఉంటే, 40వ ఏటనో, వారికి వ్యాధి బయటపడిన వయసుకు పదేళ్లు ముందుగానో, ఏది ముందైతే అప్పుడు పరీక్ష చేయించుకోవాలి. పరీక్ష ముగిశాక రిపోర్టులో మూడు సంగతులు అడిగి తెలుసుకోండి: పేగు శుభ్రంగా ఉన్నదా, గొట్టం చివరిదాకా చేరిందా, మళ్లీ ఎన్నేళ్లకు రావాలి.