తలంబ్రాలకు చేతులు లేవాలి

మా షాపులో ట్రయల్‌ గది బయట ఒక స్టూలు ఉంటుంది. దాని మీద మా దగ్గర పని నేర్చుకునే పిల్ల కూర్చుంటుంది. పెళ్లికూతురు కొత్త జాకెట్టు తొడుక్కుని బయటికి రాగానే అద్దం వైపు పోనివ్వను. "ముందు రెండు చేతులూ ఎత్తి దీని నెత్తిన తలంబ్రాలు పోయమ్మా" అంటాను. చేతిలో బియ్యం ఉండవు, ఊరికే పోసినట్టు చెయ్యాలి. ఒకసారి కాదు, పదిసార్లు. మొదట సిగ్గుపడతారు, మూడోసారికి నవ్వొస్తుంది, ఆరోసారికి నిజంగానే పందెం వేసినట్టు దోసిళ్లు విసురుతారు. నేను వాళ్ల మొహం చూడను. చంక కింద కుట్టూ, జాకెట్టు కింది అంచూ చూస్తుంటాను. అంచు పైకి లేచిందంటే విప్పి మళ్లీ కుట్టాల్సిందే.

ఈ అలవాటు ఒక పెళ్లిలో అయింది. తెనాలిలో షాపు పెట్టిన రెండో ఏడు, మా వీధి పిల్లదే పెళ్లి. పట్టుచీర జాకెట్టు నెలరోజులు కూర్చుని చేశాను. మధుపర్కానికి కూడా జాకెట్టు కావాలన్న సంగతి పెళ్లి ముందురోజు సాయంత్రం గుర్తొచ్చింది వాళ్లకి. ఎప్పటిదో పాత ఆది జాకెట్టు పంపించి "దీని ప్రకారం కుట్టెయ్యి వదినా" అన్నారు. రాత్రి పదకొండింటికి కుట్టిచ్చాను. మర్నాడు పెళ్లికి నేనూ వెళ్లాను. పెళ్లికొడుకు బాగా పొడుగు. ఆ పిల్ల తలంబ్రాలు పోద్దామని చేతులెత్తేసరికి కుడి చంక కింద కుట్టు టప్పున తెగింది. సన్నాయి మోతలో ఎవరికీ వినపడలేదు గానీ నాకు వినపడింది. పిల్ల చెయ్యి దించేసింది. మిగతా తలంబ్రాలన్నీ ఎడం చేత్తోనే పోసింది. వాళ్ల ఆల్బం ఇప్పుడు తీసినా, ఆ ఫోటోల్లో కుడి మోచెయ్యి ఒంటికి అంటుకునే ఉంటుంది. వాళ్లమ్మ కుట్టుకూలి ఇవ్వబోతే నేను తీసుకోలేదు.

అప్పట్నుంచి నా దృష్టంతా చంక మీదే. ఇక్కడ చాలామందికి ఒక పొరపాటు అభిప్రాయం ఉంది. చెయ్యి బాగా లేవాలంటే చంక వదులుగా ఉండాలనుకుంటారు. జరిగేది దానికి సరిగ్గా వ్యతిరేకం. చంక రౌండ్‌ ఎంత కిందికి దిగితే, చెయ్యి ఎత్తినప్పుడు అది జాకెట్టు పక్క భాగాన్ని అంతగా పైకి లాక్కుపోతుంది. చంకకు ఆనీ ఆననట్టు పైనే కోస్తే చెయ్యి ఒక్కటే లేస్తుంది, ఒంటి మీది జాకెట్టు కదలదు. ఇంకొకటి, చెయ్యి ముక్కకు భుజం దగ్గర ఉండే వంపు. ఆ వంపు ఎత్తుగా కోస్తే చెయ్యి దించి నిలబడ్డప్పుడు ఒక్క ముడత ఉండదు, కానీ ఎత్తితే పట్టేస్తుంది. వంపు తగ్గించి వెడల్పు పెంచితే చెయ్యి హాయిగా లేస్తుంది, దించినప్పుడు చంక దగ్గర రెండు ముడతలు పడతాయి. పెళ్లి జాకెట్టుకు నేను ఆ ముడతల వైపే. ఫోటోగ్రాఫర్లకు నచ్చదు. వాళ్లు తలంబ్రాలు పొయ్యరు కదా.

చీర కొనేటప్పుడు ఇంటిల్లిపాదీ షాపుకు వెళ్తారు. కంచి అయినా, ధర్మవరం అయినా, గద్వాల అయినా ఆ చీర ఎవరు కట్టినా సరిపోతుంది. అత్తగారు కట్టుకోవచ్చు, చెల్లెలు కట్టుకోవచ్చు. ఆ పిల్ల ఒంటికని, ఆ పిల్ల ఒక్కదానికే తయారయ్యేది జాకెట్టు. దానికి గుడ్డ చూస్తే చీరతో పాటు వచ్చే ముక్క, ఎనభై సెంటీమీటర్లు, మహా అయితే మీటరు. మోచేతుల దాకా చేతులు కావాలంటారు. కోత తప్పితే అదే రంగు, అదే జరీ అంచు ముక్క ఏ బజార్లోనూ దొరకదు. అందుకని పట్టు మీద కత్తెర పెట్టే ముందు లైనింగ్‌ గుడ్డతో ఉత్త జాకెట్టు కుట్టి తొడిగి చూస్తాను. ఆ లైనింగే తర్వాత పట్టుకు లోపల వేస్తాను కాబట్టి గుడ్డ వృథా కాదు.

కొలతల దగ్గర ఆది జాకెట్టు ఒప్పుకోను. పాత జాకెట్టు కొలిస్తే పాత తప్పులే కొలిచినట్టు. చాలామందికి ఒక భుజం రెండోదానికన్నా కొంచెం కిందికి ఉంటుంది, పుస్తకాల సంచీ మోసిన పిల్లలకు మరీను. అది టేపుకు అందదు, వెనక నిలబడి చూస్తేనే తెలుస్తుంది. ఇక మెడ కొలత దగ్గర తల్లీకూతుళ్ల మధ్య జరిగేది మీరు ఊహించగలరు. కూతురు వెనక మెడ పది అంగుళాలంటుంది. తల్లి, "ఏడు చాలు వదినా, మావాళ్లంతా వస్తారు" అంటుంది. నేను ఎనిమిదిన్నర రాసుకుని ఇద్దరికీ తల ఊపుతాను. అసలు సంగతేమిటంటే, పూలజడ వేశాక ఆ మెడ పదైనా ఏడైనా కనపడేది అంతంతమాత్రమే.

నగలు చూడకుండా డిజైను గియ్యను. కనీసం ఫోటోలైనా పంపమంటాను. వంకీ జాకెట్టు చెయ్యి మీదే కదా పెట్టుకునేది. అది కూర్చునే చోట ముత్యాలు కుట్టామంటే వంకీ నిలవదు, గంటలో ముత్యాలు రాలతాయి. అక్కడ రెండంగుళాల మేర ఖాళీగా వదిలేస్తాను. కాసులపేరు వేసుకునే పిల్లకు ముందు మెడ చుట్టూ పూసలు ఎత్తుగా కుట్టకూడదు, కాసులు పట్టుకుంటాయి. వెనక తాళ్లకు వేలాడే లట్కన్లు ఉన్నాయి చూశారూ, వాటిని మెడకు దగ్గరగా కడితే మంగళసూత్రం ముడి వేసేటప్పుడు పెళ్లికొడుకు వేళ్లకు అడ్డం పడతాయి. పసుపుతాడుతో పాటు లట్కన్‌ తాడు కూడా కలిపి ముడేసిన పెళ్లికొడుకును నేను కళ్లారా చూశాను. పంతులుగారు ఓపికమంతుడు కాబట్టి సరిపోయింది.

ఈ పూసలూ ముత్యాలూ కుట్టే మగ్గం వర్క్‌ అంటే నేతమగ్గం అనుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. ఇది నాలుగు కర్రల చట్రం. జాకెట్టు ముక్కను కొయ్యక ముందే దానికి బిగించి కడతారు, వేలితో కొడితే డప్పులా పలకాలి. పనిముట్టు ఆరీ, కొసన చిన్న కొక్కెం ఉన్న సూది. మన చెప్పులు కుట్టేవాళ్ల ఆరెకు ఇది దగ్గరి చుట్టమే. గుజరాత్‌లో కచ్‌ వైపు తోలు మీద ఈ కుట్టు కుట్టిన మోచీలే దాన్ని గుడ్డ మీదికి తెచ్చారు. కుడి చెయ్యి పైనుంచి సూది గుచ్చుతుంది, గుడ్డ కింద ఎడం చెయ్యి దారం అందిస్తుంది, కొక్కెం దాన్ని పైకి లాగుతుంది. గొలుసుకుట్టు అలా పరిగెడుతుంది. కింద చెయ్యి ఏం చేస్తోందో పనివాడికే కనపడదు.

దానికి ముందు డిజైను దించాలి. పల్చటి కాయితం మీద గీసి, గీత పొడుగునా సూదితో బెజ్జాలు పొడుస్తాం. కాయితాన్ని గుడ్డ మీద పరిచి, కిరసనాయిల్లో కలిపిన జింక్‌ పొడిని దూదితో రుద్దితే బెజ్జాల్లోంచి చుక్కలు దిగుతాయి. కిరసనాయిలు ఆరిపోతుంది, పొడి నిలుస్తుంది. లేత రంగు గుడ్డయితే నీలం వాడతాం. ఇక్కడ నేను చాలా గుడ్డ తగలేసి నేర్చుకున్నది ఒకటుంది. వర్క్‌ పడ్డ గుడ్డ కుంచించుకుపోతుంది. కుట్టు కుట్టుకీ కాస్త కాస్త లాగి, చట్రం విప్పేసరికి మెడ అనుకున్నంత ఉండదు. అందుకే మార్కింగు దగ్గరే ఆ లెక్క కలుపుకోవాలి. పక్క కుట్ల దగ్గర వర్క్‌ ఆపెయ్యాలి కూడా. లేకపోతే తర్వాత వదులు చేయడానికి దారి ఉండదు.

మా దగ్గర మగ్గం మీద ముగ్గురు కూర్చుంటారు. పశ్చిమ బెంగాల్‌ నుంచి వచ్చిన కుర్రాళ్లు. వాళ్లు నన్ను దీదీ అంటారు, నేను వాళ్లను భాయ్‌ అంటాను. అందులో పెద్దవాడు జర్దోసీ పనిలో దిట్ట. జర్దోసీ అంటే సన్నటి స్ప్రింగులా చుట్టిన తీగ. దాన్ని కత్తెరతో ముక్కలు చేసి, పూసల్లా సూదికి ఎక్కించి కుడతారు. ముక్క ఒక నూలుపోగు పొడుగైతే ఆకు ఉబ్బిపోతుంది, పొట్టిదైతే కింద గుడ్డ కనపడుతుంది. అతను కొలవడు, కంటితో చూసి కత్తిరిస్తాడు. వాళ్ల కోసం మా గోడ మీద తెలుగు క్యాలెండరు పక్కనే ఉర్దూ క్యాలెండరు కూడా ఉంటుంది. రంజాన్‌ ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది కదా, ఈమధ్య ఏళ్లలో అది ఫాల్గుణంతో కలిసి వస్తోంది. ఫాల్గుణంలో మాకు ముహూర్తాలు, వాళ్లకు ఉపవాసాలు, పండక్కి ఊరి ప్రయాణాలు. అందుకే ఫాల్గుణం పెళ్లిళ్ల వర్క్‌ మాఘంలోనే చట్రం దిగిపోవాలి.

ఈ వృత్తిలో పని వరదలా వస్తుంది, లేకపోతే చుక్క ఉండదు. గురుడో శుక్రుడో సూర్యుడికి దగ్గరై కంటికి కనపడకుండా పోతే మూఢం, పెళ్లిళ్లు ఉండవు. ఆషాఢం, భాద్రపదం, పుష్యం శూన్యమాసాలు. ఆ రోజుల్లో మేము స్కూలు యూనిఫారాలు కుడతాం, ఫాల్స్‌ వేస్తాం, పీకో చేస్తాం. మంచి ముహూర్తం ఒకటి పడిందా, ఒకే తేదీకి తొమ్మిది మంది పెళ్లికూతుళ్లు తయారు.

డబ్బు సంగతీ చెప్పాలి, ఎందుకంటే "ఒక్క జాకెట్టుకు పద్నాలుగు వేలా" అని గుండెలు బాదుకునేవాళ్లు రోజూ వస్తారు. ముగ్గురు నాలుగు రోజులు కూర్చుంటే పన్నెండు పనిదినాలు. రోజుకు 700 చొప్పున 8,400. పూసలు, ముత్యాలు, సూరత్‌ జరీ దారం, లైనింగ్‌ అన్నీ కలిపి 2,200. వీటి కోసం బెజవాడ వన్‌టౌన్‌కు వెళ్లిరావడం ఒక పూట, దానికి నేను లెక్క వెయ్యను. కోతకూ కుట్టుకూ 1,500. మిగిలేది 1,900. అందులోనే అద్దె, కరెంటు. ఇదే పువ్వు కంప్యూటర్‌ మిషన్‌ మీద ఒక పూటలో పడుతుంది, నాలుగో వంతు ఖరీదుకు. అది తప్పని నేననను. పెళ్లికి వెళ్లే పిన్నిగార్లకు అదే చెయ్యించుకోమని నేనే చెబుతాను.

మగ్గం వర్క్‌ చేయించుకునేవాళ్లు జాకెట్టు అందుకోగానే లోపలివైపు తిప్పి చూడండి. గొలుసుకుట్టుకు చివర ముడి సరిగ్గా పడకపోతే, ఒక కొస దొరికి లాగితే బర్రున మొత్తం ఊడొస్తుంది. సెంటు జాకెట్టు మీద కొట్టొద్దు. ఇప్పుడు వచ్చే జరీలో ఎక్కువ భాగం లోపల రాగి తీగో, ప్లాస్టిక్‌ పొరో. రాగి ఉన్నదైతే సెంటుకూ చెమటకూ నల్లబడుతుంది. వర్క్‌ మీద ఇస్త్రీ పెట్టొద్దు. పాత నూలు పంచె గుడ్డలో చుట్టి పెట్టండి.

అమెరికా పిల్లలతో వచ్చే తంటా వేరు. డాలస్‌లో ఉన్న అమ్మాయికి వీడియోలో కొలతలు తీస్తాను. అక్కడ టేపు పట్టుకునేది ఆమె రూమ్మేటు, ఆ పిల్లకు అంగుళాలూ సెంటీమీటర్లూ కలిసిపోతాయి. పెళ్లికి నాలుగు రోజుల ముందు దిగుతారు. అప్పటికి పెళ్లికూతురు తిండి మానేసి చిక్కి ఉంటుంది, పెళ్లయిన ఆర్నెల్లకు ఒళ్లు చేస్తుంది. అందుకే ఎవరిదైనా సరే, పక్కల్లో ఒకటిన్నర అంగుళం గుడ్డ లోపలికి వదిలి, వరసగా మూడు కుట్లు వేస్తాను. ఒళ్లు వచ్చిన కొద్దీ ఒక్కో కుట్టూ విప్పుకోవచ్చు. మొదటి బిడ్డ బారసాలకు మూడో కుట్టు విప్పించుకోవడానికి వచ్చినవాళ్లున్నారు.

ఇన్ని చెప్పి అసలుది మర్చిపోతానేమో. ఆచారం ఇంటింటికీ మారుతుంది గానీ, మా వైపు చాలా పెళ్లిళ్లలో ఆ పద్నాలుగు వేల జాకెట్టు జీలకర్ర బెల్లం దాకానే. తర్వాత పిల్ల లోపలికి వెళ్లి మధుపర్కం కట్టుకొస్తుంది, ఎర్రంచు తెల్ల నూలుచీర. మంగళసూత్రం పసుపు అంటేది ఆ చీర మీది జాకెట్టుకు. తలంబ్రాలు పోసేదీ ఆ జాకెట్టుతోనే. మగ్గం వర్క్‌ అక్కర్లేదు, నూలుగుడ్డ చాలు, కూలి ఆరొందలు. దాన్ని మాత్రం అందరూ చివరి రోజుకు వదిలేస్తారు. ముహూర్తం పెట్టుకున్నవాళ్లు నలభై రోజుల ముందు పట్టుచీర తెచ్చేటప్పుడు మధుపర్కం చీర కూడా అదే సంచీలో వేసుకు రండి. పెళ్లికొడుకు ఎత్తెంతో కూడా కనుక్కుని రండి.