ప్రతి ఉంటేనే చిత్రం

మెదక్ జిల్లాలోని అల్లాదుర్గ్ వంటి ఊళ్ళలో కూడా 1990వ దశకంలో జరిగిన పెళ్ళిళ్ళ వీడియో క్యాసెట్లు కొన్ని ఇళ్ళ బీరువాలలో భద్రంగా ఉండి ఉంటాయి. క్యాసెట్టు ఉన్నది, దానిని ఆడించే యంత్రం లేదు. జపాన్‌కు చెందిన ఫునాయ్ సంస్థ 2016లో వి.సి.ఆర్.ల తయారీని ఆపివేయడంతో ఆ యంత్రాల ఉత్పత్తి ముగిసింది. ఒక కుటుంబం జ్ఞాపకాలకు ఏర్పడిన ఈ చిక్కే ఒక జాతి కళాచరిత్రకు ఏర్పడితే ఏమవుతుంది? మూకీ చిత్రాల చరిత్ర ఈ ప్రశ్నకు సమాధానం చెబుతుంది.

సంభాషణలు వినిపించని తొలినాటి చలనచిత్రాలే మూకీలు. దాదాసాహెబ్ ఫాల్కే నిర్మించిన 'రాజా హరిశ్చంద్ర' 1913లో విడుదలయింది. మచిలీపట్నంలో జన్మించిన రఘుపతి వెంకయ్య మద్రాసులో ఛాయాచిత్రకారుడుగా జీవితాన్ని ప్రారంభించి, చలనచిత్ర ప్రదర్శనకు తన సంపదను ధారపోశారు. ఆయన కుమారుడు ప్రకాశ్ విదేశాలలో ఈ విద్యను అభ్యసించి వచ్చి 'భీష్మప్రతిజ్ఞ'ను రూపొందించారు. ఇటు నిజాం రాజ్యంలో ధీరేన్ గంగూలీ 1922లో హైదరాబాదు కేంద్రంగా లోటస్ ఫిల్మ్ కంపెనీని స్థాపించి మూకీలు నిర్మించారు. 'రజియా బేగం' చిత్ర ప్రదర్శన వివాదాస్పదమై, 1924లో ఆయన ఆ రాజ్యాన్ని విడిచి వెళ్ళవలసి వచ్చింది.

'భీష్మప్రతిజ్ఞ'ను గాని, లోటస్ కంపెనీ చిత్రాలను గాని నేడు మనం చూడలేము. వాటి పేర్లు మిగిలాయి, బొమ్మలు మిగలలేదు. మన దేశంలో తయారైన మూకీలు సుమారు 1,300 కాగా, నేటికి నిలిచినవి ముప్పైకి అటూ ఇటూ మాత్రమే. వాటిలోనూ కొన్ని అసంపూర్ణాలు.

ఇంతటి నష్టానికి కారణాలు అనేకం. ఆనాటి ఫిల్ము నైట్రేట్ సెల్యులాయిడ్‌తో తయారయ్యేది. అది సులభంగా అంటుకొంటుంది. వేడికీ తేమకూ క్రమంగా శిథిలమవుతుంది. ఫిల్ములోని వెండి కోసం పాత రీళ్ళను కరిగించినవారూ ఉన్నారు. 1931లో 'ఆలం ఆరా'తో టాకీలు రాగానే మూకీలకు వ్యాపారపు విలువ పడిపోయింది. విలువ లేనిదానిని దాచేవారెవరు? ఆ 'ఆలం ఆరా' కూడా ఇప్పుడు లభ్యం కాదు.

1964లో పుణెలో జాతీయ చలనచిత్ర భాండాగారం ఏర్పడింది. పి.కె. నాయర్ అక్కడ దశాబ్దాల తరబడి శ్రమించి, ఫాల్కే చిత్రాల భాగాలతో సహా ఎన్నో రీళ్ళను సేకరించారు. 1933 నాటి మలయాళ మూకీ 'మార్తాండవర్మ' దక్కిన తీరు విచిత్రమైనది. నవల హక్కులపై వివాదం రేగి, చిత్రం ప్రతి తిరువనంతపురంలోని ఒక పుస్తక ప్రచురణ సంస్థ వద్ద ఉండిపోయింది. ప్రదర్శనను ఆపిన వివాదమే ప్రతిని కాపాడింది!

పోయినవాటి కథను చెప్పడానికి డాక్యుమెంటరీలు పూనుకొన్నాయి. కెవిన్ బ్రౌన్‌లో, డేవిడ్ గిల్ కలిసి 1980లో బ్రిటన్ టెలివిజన్ కోసం 'హాలీవుడ్' అనే పదమూడు భాగాల ధారావాహికను నిర్మించారు. మూకీలలో పనిచేసిన నటులు, దర్శకులు, ఛాయాగ్రాహకులు వృద్ధాప్యంలో అందులో తమ అనుభవాలను స్వయంగా వివరించారు. ఆ తరం నేడు లేదు. ఆ ధారావాహిక వీడియో క్యాసెట్లుగా, లేజర్ డిస్కులుగా ఇళ్ళకు చేరింది. అయితే, అందులో చూపిన చిత్రఖండాల హక్కులు అనేక సంస్థల చేతిలో ఉన్నాయి. టెలివిజన్‌కు పొందిన అనుమతి కొత్త రూపానికి చెల్లదు. ఆ చిక్కుల వల్ల అది డి.వి.డి. రూపానికి మారలేకపోయింది. నశించిన చిత్రాల కథ చెప్పిన కృతికే నశించే ప్రమాదం ఏర్పడింది. పి.కె. నాయర్ కృషిపై శివేంద్రసింగ్ డుంగార్‌పుర్ 2012లో నిర్మించిన 'సెల్యులాయిడ్ మ్యాన్' మాత్రం డి.వి.డి.గా వెలువడి, దూరదేశాల విద్యార్థులకు సైతం అందింది.

మన ప్రాచీన సాహిత్యాన్ని చదివేవారికి ఈ అనుభవం కొత్తది కాదు. తాటాకు శాశ్వతం కాదు. పురుగు తొలిచిన తాళపత్రాన్ని చూసి ఒకరు మరొక ప్రతి వ్రాసినందువల్లనే మన కావ్యాలు నిలిచాయి. సి.పి. బ్రౌన్ కడపలో పండితులను నియమించి, అనేక ప్రతులను సరిపోల్చి శుద్ధప్రతులు వ్రాయించారు. వ్రాయసకాని చేయి ఆగిపోయిన చోట కావ్యం ఆగిపోయింది.

చలనచిత్రానికీ ఇదే న్యాయం వర్తిస్తుంది. క్యాసెట్టు గాని, డిస్కు గాని తుది ఆశ్రయం కాదు, అవి మజిలీలు. ఒక రూపం కాలం చెల్లకముందే మరొక రూపంలోకి ప్రతి తీయాలి. ఒకచోట కాక పలుచోట్ల ఉంచాలి. భాండాగారం మూలాన్ని కాపాడితే, ఇంటింటి ప్రతులు దానిని ప్రజల జ్ఞాపకంలో నిలుపుతాయి. రెండూ అవసరమే.

మన ఇంటి బీరువాలోని క్యాసెట్టు కూడా ఒక తాళపత్రమే. దానిని ఆడించగల యంత్రం ఎక్కడో ఒకచోట మిగిలి ఉండగానే దానికి మరొక ప్రతి తీయించడం మన తరం చేయవలసిన పని.