ఉప్పుమడులును ఒడంబడికల భాషయు

ఉత్తరాంధ్ర తీరమున నౌపడ ఉప్పునకు పేరెన్నికగన్న చోటు. సముద్రజలమును మడులలో నిలిపి, ఎండకు ఇగిర్చి, ఉప్పు తీయుట అచ్చట తరతరములుగా సాగుచున్న వృత్తి. ఆ వృత్తిని చుట్టుకొనియున్న పరిభాషను గూర్చి నాలుగు మాటలు చెప్పదలచినాము.

పరిభాష వలదని మేమనము. సముద్రజలము బోమె కొలతలో 3 డిగ్రీలకు కొంచెము పైగా నుండును. అది చిక్కబడి సుమారు 25 డిగ్రీలకు వచ్చినప్పుడు ఉప్పు పేరుకొనసాగును. 29 డిగ్రీలు దాటిన నీటిని తీసివేయనిచో మెగ్నీషియము లవణములు చేరి ఉప్పు చేదెక్కును. 'నీరు చిక్కనైనది' అనుటకంటె '25 డిగ్రీలు' అనుట నిష్కర్షయైన మాట. ఇరువురును ఒకే కొలతను పలికినచో తగవు పుట్టదు.

అయితే అర్థము విప్పని పదము మేలుకు మారు కీడు చేయును. అయొడిన్ ఉప్పు కొనువానికి చేరునాటికి 15 పి.పి.యం.నకు తగ్గరాదని నిబంధన. ఈ అక్షరములెవరికి తెలియును? 'కిలో ఉప్పులో 15 మిల్లీగ్రాములు' అన్నచో ఎల్లరకును తెలియును.

అంతకంటె ముఖ్యమైనది భూమి సంగతి. 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టము ప్రకారము లీజు భూమిననుభవించు హక్కునిచ్చును. అదే యేటి ఈజ్‌మెంట్ల చట్టము ప్రకారము లైసెన్సు వట్టి అనుమతి మాత్రమే. సామాన్యముగా ఇచ్చినవారు దానిని రద్దు చేయవచ్చును. ఊరివారి నోట రెండును 'కౌలు'గానే వినబడవచ్చును. కాగితముపై వేలిముద్ర వేయువానికి ఆ భేదము బ్రతుకుతెరువు.

1966లో రాష్ట్రము తెలుగును అధికారభాషగా శాసించినది. కాని రాజ్యాంగము ఉప్పు తయారీపై అదుపును కేంద్రమునకొప్పగించినది. రాష్ట్ర భాషాచట్టము కేంద్ర కార్యాలయములను కట్టివేయదు. 1947లో ఉప్పుపన్ను తొలగినది. తెలియని మాట మోపు భారము మాత్రము నేటికిని తొలగలేదు.

మేము కోరునది పెద్ద పని గాదు. సాంకేతికపదమును ఉండనిండు, దాని ప్రక్కనే తెలుగున అర్థము వ్రాయుడు. రసీదు, నోటీసు, ఒడంబడిక - ఏదైనను సంతకమునకు ముందు చదివి వినిపింపుడు. విని తెలిసికొన్న పిమ్మట వ్రాసిన సంతకమే సమ్మతి యనదగును.